ఎనభై ఎనిమిదో చెట్టు

రెండో బాల్చీ నీళ్ళు పోసి, సైలస్ ట్రెవెనా నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. గుర్రం నీళ్ళ బండిని లాక్కుంటూ నడిచి, ఎవరూ ఆపకుండానే తర్వాతి మొక్క పక్కన నిలబడింది. మెడ చుట్టూ చర్చి పెద్దల కాలరులా తెల్లటి పట్టీలాంటి మచ్చ ఉన్నందుకు దానికి బిషప్ అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే నింపాదిగా నడుస్తుంది, తొందరపెడితే నొచ్చుకుంటుంది.

చెట్టుకు రెండు బాల్చీలు. మొదటిది పాదు అంచు వెంట తిప్పి తిప్పి పోయాలి, అది ఇంకాకే రెండోది. ఆ మధ్యలో సైలస్ ఆకుల అడుగుభాగం తడిమి చూస్తాడు. ఊతకర్రకు కట్టిన గోనె పట్టీ కాండాన్ని ఒరుసుకుంటోందేమో సరిచేస్తాడు. ఇత్తడి రేకు మీది పేరును బొటనవేలితో తుడుస్తాడు. అరవై మూడేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు బంగారు గనిలో పనిచేశాడు. ఒకనాడు మందుగుండు ముందే పేలి చెంపలో దిగబడ్డ నలుసులు నీలి చుక్కలుగా మిగిలిపోయాయి. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఈల వేసినట్టు వినిపిస్తుంది. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. గునపం పట్టిన ఆ వెడల్పాటి అరచేతులే మొక్కను పట్టుకున్నప్పుడు కోడిపిల్లను పట్టుకున్నంత సుతారంగా ఉంటాయి.

విక్టోరియా రాష్ట్రంలోని విర్రబూల్ ఊరి చివరి నుంచి రైలు స్టేషను దాకా, రోడ్డుకు రెండు వైపులా నూట పన్నెండు ఎల్మ్ మొక్కలు. ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. హోదా చూసి పెట్టలేదు, సైన్యంలో పేరు రాయించుకున్న వరుసలో పెట్టారు. అందుకే బ్యాంకు మేనేజరు కొడుకు పక్కన గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు, అతని పక్కన డాక్టరు. పోయిన ఆగస్టులో తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు తమ చేతులతో నాటారు. మర్నాటి నుంచి నీళ్ళు పోసే పని మునిసిపాలిటీ సైలస్‌కు అప్పజెప్పింది.

ఆ వరుస వెంట నడిస్తే యుద్ధం వెంట నడిచినట్టే. మొదటి ఇరవై మంది గల్లిపోలీ కొండల్లో తుర్కుల మీదికి ఎక్కినవాళ్ళు. వాళ్ళలో తొమ్మిది మంది అక్కడే ఉండిపోయారు. యాభయ్యో చెట్టు దాకా ఫ్రాన్సులో జర్మన్ ఫిరంగులకు ఎదురు నిలిచినవాళ్ళు. అక్కణ్ణుంచి చివరిదాకా బెల్జియం బురదలో ఉన్నారు, లేదా అటు వెళ్ళే ఓడల్లో ఉన్నారు. పోయినవాళ్ళ చెట్టుకూ రెండు బాల్చీలే, ఉన్నవాళ్ళ చెట్టుకూ రెండు బాల్చీలే.

ఆ ఉదయం భార్య కెజయా గేటు దగ్గర టీ అందించి, పేపరు చదివి వినిపించింది. పెళ్ళైన ముప్పై ఏడేళ్ళుగా పేపరు ఆమే చదువుతుంది, టీలో రొట్టె ముంచుకుంటూ అతను వింటాడు. అంతకంటే మంచి పొద్దు ఉంటుందని ఆ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

"రష్యావాళ్ళు యుద్ధం మానేసి ఇంటికి పోతున్నారట."

"వాళ్ళు మన పక్షమే కదే?"

"నిన్నటిదాకా. ఇప్పుడు అమెరికావాళ్ళు వచ్చారుగా, ఆ కుర్చీలో కూర్చోడానికి."

"ఆ జర్మన్ కైజరు పక్షంలో ఎవరూ లేచి వెళ్ళలేదా?"

"ఆస్ట్రియావాళ్ళకి తిండి లేదట. తుర్కుల సంగతి రాయలేదు." ఆమె పేపరు మడిచింది. "నాలుగేళ్ళ కింద ఎవరో యువరాజుని ఎవరో కాల్చారు. దానికి నేను ఇక్కడ కూర్చుని సైనికులకి నలభై జతల మేజోళ్ళు అల్లాను. ఇదేం న్యాయమో నువ్వు చెప్పు."

"ఇంకో జత అల్లు, ఆలోచించి చెప్తా."

"నీ మొహం," అంది కెజయా, ఖాళీ కప్పు అందుకుంటూ.

పోయిన అక్టోబరులో ముప్పై ఒకటో చెట్టు ఎండిపోయింది. వారం తిరక్కుండా పాస్టరుగారి సైకిలు ఆ ఇంటి ముందు ఆగింది. చావు కబురు తంతి ఏ ఇంటికి వచ్చినా ముందు పాస్టరుగారి చేతికి వస్తుంది, ఆయనే తెచ్చి చెబుతాడు. చెట్టుకూ ఆ కుర్రవాడికీ సంబంధం ఉందని ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు. కాని ఆ ఆదివారం చర్చి నుంచి ఆడవాళ్ళు తిన్నగా ఇళ్ళకు పోకుండా రోడ్డు వెంట వెళ్ళి, ఎవరి చెట్టు ఆకులు వాళ్ళు చూసుకున్నారు.

అది చూసి ఇంటికి వచ్చిన సైలస్, పెరట్లో కోళ్ళగూడు వెనక పదిహేను ఎల్మ్ మొక్కలను కిరసనాయిలు డబ్బాల్లో పెంచడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఆ రోడ్డు మీద చెట్టు చచ్చిందని ఎవరికీ తెలియదు. ఆరు మార్చాడు. పాత మొక్క తీసి, అంతే ఎత్తుదాన్ని అదే గుంటలో పెట్టి, తడి మట్టి కనబడకుండా పైన పొడి దుమ్ము చల్లి, అది నిన్నటిదే అన్నట్టు వదిలేసి వస్తాడు. తెలిసింది కెజయాకు ఒక్కదానికే.

"యుద్ధం నా చేతుల్లో లేదు. చెట్లు నా చేతుల్లో ఉన్నాయి," అన్నాడామెతో. అతనికి ఆ విషయంలో ఎన్నడూ అనుమానం రాలేదు.

బండి మీది నీళ్ళ పీపా నాలుగోసారి నింపుకుని వచ్చి, ఎనభై ఎనిమిది దగ్గర ఆగేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి. ఉత్తరపు గాలి మొదలైంది. ఎడారి మీదుగా వచ్చే ఆ గాలి రొట్టెల పొయ్యి తలుపు తెరిచినట్టు మొహానికి కొట్టింది. సైలస్ బాల్చీ ఎత్తబోయి ఆగాడు. ఆకులన్నీ లోపలికి చుట్టుకుపోయి, వేలితో తాకితే పొడిగా గలగలమన్నాయి. వంగి చూశాడు. మూడు రోజులుగా పాదు చుట్టూ కప్పి ఉన్న గడ్డిని తొలగిస్తే, కాండం మొదట్లో బెరడు చుట్టూరా కొరికేసి ఉంది. ఏదో కుందేలు పని. నీళ్ళు పోసి లాభం లేదు.

ఇత్తడి రేకు మీద పేరు ఆంబ్రోస్ కిట్టో. ఊతకర్ర మీద, కింది నుంచి పైకి, పెన్సిలు గీతలు. వారానికొకటి.

వెనక గిట్టల చప్పుడు, గంట మోత. రొట్టెల బండి. సైలస్ రెండడుగులు వేసి, బిషప్‌ను కాస్త ముందుకు జరిపి, మొక్కకూ రోడ్డుకూ మధ్య పీపా వచ్చేలా నిలిపాడు.

"బాబాయ్, మా ఆయనకి స్నానం చేయించావా?" అంది డెలియా, కళ్ళేలు లాగి పట్టుకుని. మొహం నిండా మచ్చలు, ముంజేతుల నిండా పిండి. ఆంబ్రోస్ రొట్టెల దుకాణంలోనే పనిచేసేవాడు. అతను ఓడెక్కాక బండి ఆమె తోలుతోంది. పెళ్ళై కలిసి ఉన్నది పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులనూ ఆమె ఊరంతటికీ పంచిపెడుతూనే ఉంది: అతను కెటిల్ మాడ్చిన రోజు, అతను పైకప్పు మీద నుంచి జారి కోళ్ళ మీద పడ్డ రోజు.

"చేయించాను. తల తుడవడం నీ పని."

"సాయంత్రం తుడుస్తాలే. ఉత్తరం వచ్చింది బాబాయ్. ఏం రాశాడనుకున్నావ్? యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. 'నా చెట్టు నన్ను దాటిందా?' అని."

"మరి నువ్వేం రాస్తావ్?"

"ఇంకా నీ భుజం దాకే ఉంది, నువ్వొచ్చి పక్కన నిలబడితే అది సిగ్గుపడి ఎదుగుతుంది అని. అక్కడ వాళ్ళ గుంపు మొత్తం దాని మీద పందేలు కాస్తున్నారట. ఉత్తరం విప్పగానే ముందు అంగుళాలు చదవమంటారట. అందుకని నా జవాబు ఈ రాత్రి టపాకి తప్పకుండా పడాలి." ఆమె బండి దిగబోయింది. "ఒక్కసారి చూసి పోతా."

"ఇప్పుడు కాదమ్మాయ్. పాదంతా బురద, తొక్కితే వేళ్ళు నలుగుతాయి. నాలుగింటికి రా, ఎప్పట్లాగే."

"పోయిన శనివారం ముప్పాతిక అంగుళం. తగ్గిందో, నిన్నే అడుగుతా."

"ఎండల్లో నెమ్మదిగా ఎదుగుతాయి."

"మా ఆయన అలాంటి మనిషి కాదు," అంది డెలియా. ఎండుద్రాక్ష వేసిన బన్ను ఒకటి అతని చేతిలో పెట్టి, గంట మోగించుకుంటూ వెళ్ళిపోయింది. బన్ను ఇంకా వెచ్చగా ఉంది. సైలస్ దాన్ని అక్కడే నిలబడి మొత్తం తిన్నాడు, చివర వేళ్ళకంటిన చక్కెర కూడా వదల్లేదు. మిగిలిన ఇరవై నాలుగు చెట్లకూ నీళ్ళు పోశాక, మధ్యాహ్నం గునపం కోసం ఇంటికి బయల్దేరాడు.

కెజయా పెరటి గుమ్మంలో నిలబడి, అతను డబ్బాల మధ్య వంగి కొలుచుకోవడం చూసింది.

"ఇప్పుడా? థర్మామీటరులో నూట ఎనిమిది డిగ్రీలుంది బయట. ఈ ఎండలో నాటితే అది బతుకుతుందా, నువ్వు బతుకుతావా?"

"నాలుగింటికి వస్తుంది ఆ పిల్ల."

"వస్తే రానీ. కుందేలు కొరికిందని చెప్పు. దానికి ఆ మాత్రం తెలివి లేదా?"

"తెలివి ఉంది. అది బాగానే అర్థం చేసుకుంటుంది. అర్థం చేసుకుని, ఇంటికెళ్ళి, ఏ అంగుళాలూ లేని ఉత్తరం రాస్తుంది. వాడు ఆ బురదలో అది విప్పి చూస్తాడు."

కెజయా లోపలికి వెళ్ళి, గోనె సంచి తడిపి తెచ్చి, మొక్క వేళ్ళ చుట్టూ తానే చుట్టింది.

మట్టి ఇటుకలా ఉంది. గునపం దిగడానికి సైలస్ మూడు నాలుగు దెబ్బలకొకసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. పాత మొక్కను పెకలించి బండిలో పడేశాడు. కొత్తది గుంటలో నిలిపి చూస్తే, చివరి గీతకంటే రెండు అంగుళాలు తక్కువ ఉంది. బయటికి తీసి అడుగున మట్టి నింపి, తొక్కి, మళ్ళీ నిలిపాడు. ఒక కన్ను మూసి చూశాడు. చిగురు గీతకు బొటనవేలి వెడల్పు పైకి వచ్చింది. వారం రోజుల ఎదుగుదలకు అది సరిగ్గా సరిపోతుంది. ఈ పని తనలాగా చేయగలవాడు విక్టోరియా రాష్ట్రం మొత్తంలో ఉండడనుకున్నాడు సైలస్. అది నిజమే అయి ఉండవచ్చు.

నాలుగు బాల్చీలు పోశాడు. అయినా పది నిమిషాల్లో చిగుళ్ళు వాలడం మొదలైంది. నాటిన మొదటి రెండు గంటలే దానికి గండం. పొద్దు వాలేదాకా నీడ దొరికితే తట్టుకుంటుంది. చుట్టూ చూశాడు. ఆ రోడ్డు మీద గుర్రం నీడ తప్ప నీడ లేదు, అది ఒకచోట ఉండదు. అప్పుడు తలమీది గడ్డి టోపీ తీసి ఊతకర్ర కొనకు తగిలించాడు. వెడల్పాటి అంచు, నుదుటి దగ్గర చెమటకు నల్లబడ్డది, ఒకచోట చిరిగితే కెజయా ఎర్ర దారంతో కుట్టింది. అది చిగురుకు సరిపోయింది. కింది ఆకులకు చాలలేదు. సైలస్ పడమటికి వీపు పెట్టి, తన నీడ కాండం మీద పడేలా నేల మీద కూర్చున్నాడు.

మూడు కావస్తోంది. పొడి దుమ్ము ఇంకా చల్లలేదు. కాస్త ఊపిరి ఆడాక చల్లుదామనుకున్నాడు. మెడ మీద ఎండ మొదట చురుక్కుమంది, తర్వాత చెయ్యి వేసి నొక్కినట్టుగా ఉంది, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఎదురుగా కింది ఆకు ఒకటి నెమ్మదిగా విచ్చుకుని అడ్డంగా నిలిచింది. చూశావా అన్నట్టు బిషప్ వైపు తల తిప్పబోయాడు. తల గుండెల మీదికి వాలింది. నీడ కొద్దిగా కురచైంది, కాని మొక్క మీద నుంచి తొలగలేదు.

డెలియా నాలుగింటికి వచ్చింది. దూరం నుంచే, "కాపలా కూడా కాస్తున్నావా బాబాయ్?" అంది. దగ్గరికి వచ్చి ఇంకోసారి పిలిచింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, అతని మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికింది. దొరకలేదు.

లేచి నీళ్ళ బండి వెనక్కి వెళ్ళింది, అతన్ని కప్పడానికి గోనె పట్టా ఏదైనా దొరుకుతుందేమోనని. అక్కడ ఎండిన మొక్క పడి ఉంది. మొదట్లో కుందేలు పళ్ళ గుర్తులు. ఆమె దాన్ని చూసింది. తిరిగి గుంట చుట్టూ నల్లగా మెరుస్తున్న తడి మట్టిని చూసింది. ఆగస్టులో తాను నాటిన మొక్కకు రెండో కొమ్మ ఎడమవైపు ఉండేది. దీనికి కుడివైపు ఉంది.

స్టేషను వైపు నుంచి ఎవరిదో బండి వస్తున్న దుమ్ము లేచింది. డెలియా వంగి, రోడ్డు మీది ఎర్రటి పొడిని దోసిళ్ళతో ఎత్తి తడి మట్టి మీద చల్లింది. మళ్ళీ ఎత్తి చల్లింది. నలుపు ఎక్కడా కనబడనంత వరకూ, ఎక్కిళ్ళ మధ్యనే, తొందరపడకుండా చల్లింది. ఎండు మొక్క మీద గోనె పట్టా లాగి కప్పింది. చెవి మీది పెన్సిలు తీసి, చిగురు పక్కన ఊతకర్ర మీద గీత గీసింది.

ఆ వచ్చిన రైతు సాయం పట్టగా, సైలస్‌ను రొట్టెల బండిలోనే ఇంటికి తెచ్చారు. కెజయా గేటు తీసి నిలబడింది. మంచం మీద పడుకోబెట్టాక తడి గుడ్డతో మొహం తుడిచింది, నీలి చుక్కలు ఉన్న చెంపను రెండోసారి తుడిచింది.

"నీ చెట్టు ఎలా ఉంది?" అని అడిగింది, తలెత్తకుండా.

"బాగుంది పిన్నీ. ముప్పాతిక అంగుళం పెరిగింది."

కెజయా ఆమె గోళ్ళలోని ఎర్రమట్టిని చూసింది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"టోపీ ఏదీ?"

"అక్కడే ఉంచాను పిన్నీ. ఇంకా ఎండగా ఉంది."

రోడ్డు మీద గాలి దక్షిణానికి తిరిగి కాస్త చల్లబడింది. ఎనభై ఎనిమిదో ఊతకర్ర కొన మీద, ఎర్ర దారం కుట్టు పైకి కనబడేలా, గడ్డి టోపీ అంచు ఊగుతూ చిగురు మీద నీడను అటూ ఇటూ కదుపుతోంది.