జమునను ఆడించిన రోజు

దాలినాయుడు మాస్టారు సున్నం డబ్బాతో గ్రౌండు మీద గీత గీసుకుంటూ వెళ్తున్నారు, నేను ఆయన వెనకే నడుస్తున్నాను. ఆయన పోయి పదకొండు నెలలయిందని నాకు తెలుసు, కాని ఆ మాట ఇప్పుడు ఎత్తితే బాగుండదనిపించి ఊరుకుంటున్నాను. గీత మూల జెండా దగ్గర మలుపు తిరగాలి, తిరగడం లేదు, కాలేజీ ప్రహరీ లేనట్టే అందులోంచి దూరి, విశాఖ బీచ్ రోడ్డు దాటి, సముద్రం ఉండాల్సిన చోట ఉన్న కొండల మీదికి పాకుతోంది. ఆయన వంగిన నడుము ఎత్తడం లేదు. నాకేమో ఆట వేళ అయిపోయిందని, జట్టు ఇంకా బట్టలు మార్చుకోలేదని, ఎవరో నన్ను వెతుకుతున్నారని, కాలు ఒకచోట నిలవడం లేదు.

"లిస్టు తెచ్చినావా రత్నం?" అంటున్నారు వెనక్కి చూడకుండా.

నేనేమో నన్ను నేను ఆయనకు పరిచయం చేసుకుంటున్నాను, ఎందుకో తెలీదు. నా పేరు నూకరత్నం అండి, మన ఆడపిల్లల కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు మీరు కోచ్, పద్నాలుగేళ్లు నేను మీ కింద అసిస్టెంటుని, మీరు ఆట నేర్పేవారు, నేను ఆడేవాళ్లను తెచ్చేదాన్ని అంటున్నాను. స్కూళ్ల ఆటల పోటీలు ఎక్కడుంటే అక్కడికి, భీమిలి పక్క పల్లెలకీ పాడేరు పైన ఏజెన్సీ ఊళ్లకీ బస్సులు మారి వెళ్లి, కాళ్లకు బూట్లు లేకపోయినా బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే పిల్లను పట్టుకుని, వాళ్ల ఇంటి ముందు కూర్చుని, సీటుంది, హాస్టలుంది, నేనున్నాను అని కన్నవాళ్లను ఒప్పించడం నా పని అంటున్నాను. ఆయన ఇవన్నీ కొత్తగా వింటున్నట్టు తలూపుతున్నారు.

"బాగుంది. లిస్టేదమ్మా మరి?"

కాగితం తీసి చదువుతున్నాను. పది పేర్లున్నాయి. మళ్లీ చదువుతున్నాను, పదే.

"ఎడం పక్క ఎవులాడతారు?"

"రాయలేదు మాస్టారూ."

"పది మందిని దింపుతావేటి? టైమైపోతంది."

నేను కలం కోసం బ్యాగు వెతుకుతుంటే కాళ్ల కింద గడ్డి పసుపు కొమ్ములైపోతోంది, గ్రౌండంతా ఉడకబెట్టి ఆరబోసిన పసుపు, మధ్యలో మా జట్టుకు ఎడం పక్క ఆడిన వంతాల జమున వాళ్ల ఇల్లు. మాస్టారు వాళ్ల ఊరు సీతంపుట్టు ఎప్పుడూ రాలేదు, అయినా చాప మీద ఇంటి మనిషిలా కూర్చుని ఉన్నారు. జమున వాళ్లమ్మ చిట్టెమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి, నాలుగేళ్ల కిందట అన్న మాటే మళ్లీ అంటోంది.

"ఎలాగ తీసుకెళ్తన్నావో అలాగ తెచ్చి అప్పజెప్పాలమ్మా. కాలూ చెయ్యీ బాగుంటేనే మాకు ఇక్కడ బతుకు. ఏ పనికైనా కొండెక్కాలి."

"అలాగేనమ్మా" అంటున్నాను నేను, అప్పుడు అన్నంత తేలిగ్గానే, అని వెంటనే లేచి వెళ్లిపోవాలని చూస్తున్నాను, కాని చెప్పులు కనబడడం లేదు, ఎక్కడ చూసినా బూట్లే, అన్నీ ఎడమకాలివే.

"మాస్టారూ, మీకో సంగతి చెప్పాలి" అంటున్నాను బూట్లు వెతుకుతూనే.

"నడుస్తా చెప్పు."

నడుస్తున్నాం. ఇది ఇప్పుడు ఫైనల్ రోజు పొద్దున. గ్యాలరీలో రైల్వే జట్టుకు పిల్లలను ఎంచుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు, వాళ్ల ముఖాల్లో కళ్లు లేవు, కళ్లజోళ్లు మాత్రం ఉన్నాయి. జమున మోకాలికి పట్టీ కట్టుకుంటోంది.

"ఎముకల డాక్టరు చీటీ రాసిచ్చారు మాస్టారూ. మూడు వారాలు ఆడకూడదని. అది నా బ్యాగులోనే ఉంది. మీరు ఆ పొద్దున, పిల్ల ఆడగలదా అని అడిగారు. ఆడుతుంది అన్నాను."

ఆయన ఆగడం లేదు. నేను పక్కనుంచి ముఖం చూడాలని వేగం పెంచుతున్నాను, ఎంత వేగం పెంచినా వీపే కనబడుతోంది.

"జమున కాళ్లావేళ్లా పడింది మాస్టారూ, ఈ ఒక్క రోజు ఆడనివ్వండి మేడమ్, ఉద్యోగం వస్తుంది అని. దాని కోసమే ఒప్పుకున్నానని అందరికీ చెప్పుకోవచ్చు. కాని నాకూ కావాలనిపించింది. నేను తెచ్చిన పిల్ల రైల్వేకి ఎంపికైందని పేపర్లో రావాలనిపించింది."

గ్యాలరీ ఖాళీ అయిపోతోంది. గ్రౌండు మధ్యలో ఎవరో పడి ఉన్నారు, అటు చూడకూడదని నేను సున్నం గీతను చూస్తున్నాను. ఆ రోజు రెండో సగం మొదలైన పది నిమిషాలకు జమున పడిపోయింది, మళ్లీ తనంతట తను లేవలేదు. కాలేజీ వాళ్లు విచారణ పెట్టినప్పుడు, ఆడించమన్నది తానేనని మాస్టారు రాసి ఇచ్చారు. ఆయన్ను జట్టు నుంచి తప్పించారు. ఏడాది ఇంట్లో కూర్చుని గుండె ఆగి పోయారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

"మీకు తెలుసు కదా మాస్టారూ? చీటీ సంగతి తెలిసే నన్ను కాచారు కదా?"

ఆయన అప్పుడు ఆగుతున్నారు. ముఖం మామూలుగానే ఉంది, రెండు రోజుల గడ్డం, మెడలో ఈల.

"తెల్దు రత్నం. తెలిస్తే పిల్లని ఆపీసుందును."

నేను ఈ జవాబు కోసం రాలేదు. వేరే మాట ఏదైనా అంటారేమోనని నిలబడి ఉన్నాను, గాలి వీస్తోంది, నా చేతిలో కాగితం మీది పది పేర్లు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి.

"మరి మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"ఆటగాళ్ల కాగితం మీద సంతకం నాది. అదొకటి. నీ పేరు చెడితే ఏ తల్లి పంపుతాదమ్మా పిల్లని నీ ఎనకాల? నేను ఎల్లి కూర్చుంటే ఎవులూ పంపరు. నువ్వెల్తే పంపుతారు. పంపుతున్నారా?"

"పంపుతున్నారు. ఈ ఏడు ఆరుగురు వచ్చారు."

"ఆ తల్లి దగ్గరికెల్లినావా?"

"లేదు మాస్టారూ."

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు. ఆ దారిలో వెళ్లాల్సి వచ్చినా ఆ ఊరి దగ్గర దిగడం లేదు."

"పిల్ల కొండెక్కుతాందా?"

"తెలీదు మాస్టారూ."

నేను ఆ మాట అనగానే ఆయన ఈల నోట్లో పెట్టుకుంటున్నారు, ఊదుతున్నారు, శబ్దం లేదు, కాని ఆట మొదలైపోయింది. జమున ఎడమ వైపున పరుగెడుతోంది, పట్టీ ఊడి వెనక ఈడ్చుకుంటూ వస్తోంది, ఇంకా పడలేదు, పడడానికి ఇంకా కొంచెం టైముంది. నేను గీత బయట నిలబడి, ఆ పిల్లను మార్చాలి, బయటికి తీసేయాలి అని రిఫరీకి చెయ్యెత్తి చూపిస్తున్నాను, ఆయన అటు తిరిగి ఉన్నాడు. గీత వెంబడే పరుగెడుతూ చెయ్యి ఇంకా పైకెత్తుతున్నాను, జమునా ఆగవే, ఆగవే అంటుంటే గొంతులోంచి గాలి తప్ప ఏదీ రావడం లేదు, మాస్టారు నా పక్కన ఉన్నారో లేరో చూసే తీరిక లేదు, చెయ్యి మాత్రం దించకూడదు, దించితే ఆ పిల్ల...

"మేడమ్. మేడమ్, దిగుతారేటి?"

కళ్లు తెరిచాను. బస్సు ఆగి ఉంది. ముంచంగిపుట్టులో స్కూళ్ల పోటీలు చూడ్డానికని మధ్యాహ్నం పాడేరులో ఎక్కిన బస్సు. అందరూ నా వైపే చూస్తున్నారు. కండక్టరు నా సీటు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ స్టాపు లేదండి. మీరు చెయ్యెత్తినారని ఆపించినాను."

నా కుడిచెయ్యి ఇంకా పైనే ఉంది. ఎడమచేత్తో పట్టుకుని దించాల్సి వచ్చింది.

కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్క మట్టి కోసుకుపోయిన కొండ, వాలులో పసుపుపచ్చని వలిసెపూల చేను.

"సీతంపుట్టు దారి ఎంత దూరం బాబూ?"

"అది దాటీసి రెండు కిలోమీటర్లయింది. మీరు ముంచంగిపుట్టుకి కదా టికెట్టు తీసుకున్నారు?"

"అవును" అన్నాను. బ్యాగు తీసుకుని లేచాను.

"ఎనక్కి బస్సు సాయంత్రం దాకా లేదమ్మా, నడవాలి" అన్నాడు అతను, మెట్ల దాకా వచ్చి.

దిగాను. బస్సు వెళ్లిపోయింది. చిట్టెమ్మతో మొదట ఏమనాలో ఆలోచించుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాను. బ్యాగు కుడి భుజానికి తగిలించుకోబోతే చెయ్యి లేవలేదు, మోచేతి దాకా తిమ్మిరి.