షెవెల్ కారు వెనుక సీటు

1971వ సంవత్సరపు షెవెల్ ఎస్.ఎస్. కారు ఒకటి నా గ్యారేజీలో నలభై ఎనిమిది సంవత్సరాలుగా ఉన్నది. ఆ రెండక్షరాలు లేకపోతే అది మామూలు కారు. ఉంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే, అమెరికన్లు మజిల్ కారు అని గౌరవించే జాతికి చెందినది. దానిని 1976లో, అమెరికాలోని అరోరా పట్టణంలో ఇంజనీరుగా చేరిన కొత్తలో, ఒక పాత కార్ల వర్తకుని వద్ద కొన్నాను. ఆనాటి నుండి ఈనాటి వరకు చట్టం అనుమతించిన వేగాన్ని ఒక్కసారి కూడా మించలేదు.

ఈ వేసవిలో మేము వయోవృద్ధుల సముదాయంలోని ఒక అపార్ట్‌మెంటుకు మారవలసి వచ్చింది. అక్కడ ఇంటికి ఒకే పార్కింగ్ స్థలం. అది రోజూ స్టార్ట్ అయ్యే కారుకే చెందుతుందని నా భార్య చాముండేశ్వరి తీర్పు చెప్పింది. కనుక షెవెల్‌ను అమ్మక తప్పలేదు.

వెల కట్టడానికి మానవ్‌ను పిలిపించాను. మిత్రుడు రాధాకృష్ణ కుమారుడు, ముప్పై అయిదేళ్లవాడు. కంప్యూటర్ ఉద్యోగం వదలి పాత కార్లకు విలువ నిర్ణయించే వృత్తిలో స్థిరపడ్డాడు. రాధాకృష్ణ ఈ సంగతి నలుగురిలో చెప్పడు.

"అంకుల్, పేపర్స్ ఉన్నాయా?"

నేను ఫైలు అందించాను. మొదటి కాగితం చూడగానే అతని ముఖం వాడిపోయింది.

"ఇది లామినేట్ చేసారా?"

"అన్నీ చేయించాను. భద్రత కోసం."

"అంకుల్, పాత కార్లు కొనే కలెక్టర్స్‌కి పేపర్ ఫీల్ కావాలి. ప్లాస్టిక్‌లో పెడితే వాల్యూ తగ్గిపోతుంది!"

నా డిగ్రీ పట్టా నుండి వివాహ ధ్రువపత్రం వరకు సమస్తం లామినేట్ చేయబడి ఉన్నదని అతనికి చెప్పలేదు.

అయితే బేస్‌మెంటులోకి దిగిన తరువాత పరిస్థితి మారింది. మెకానిక్ ఏ భాగం మార్చినా, పాతదానిని నా చేతికి ఇచ్చిన పిమ్మటే డబ్బు చెల్లించడం నాకు విజయవాడ నుండి వచ్చిన అలవాటు. లేనిచో అతడు నిజంగా మార్చాడనడానికి సాక్ష్యమేమిటి? ఆ విధంగా ముప్పై ఒక్క పెట్టెలు సమకూరాయి. ప్రతిదానిపై తేదీ, భాగం పేరు, మెకానిక్ వాదన. మానవ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఒరిజినల్ కార్బ్యురేటర్! ఒరిజినల్ రేడియో! అంకుల్, వీటిని అందరూ చెత్తలో పడేసారు. మీరు గ్రేట్!"

ఈ పెట్టెల విషయమై నలభై సంవత్సరాలుగా నన్ను దెప్పుతున్న చాముండేశ్వరి వినేలా, ఆ మాటను అతని చేత మరొకసారి చెప్పించాను.

తరువాత మానవ్ గ్యారేజీకి వచ్చి కారు తలుపు తెరచి, ముందు సీటు వంచి లోపలికి చూశాడు. అక్కడ ప్లైవుడ్ పలక, దానిపై ఒక దుప్పటి ఉన్నాయి.

"అంకుల్, వెనక సీట్ ఏది?"

నేను దుప్పటి అంచు సర్దాను.

"హరనాథ్ గారింట్లో ఉంది నాన్నా," అన్నది నా భార్య మెట్ల మీది నుండి.

1983లో హరనాథ్, నళిని దంపతులు ఈ ఊరికి వచ్చినప్పుడు వారి వద్ద రెండు సూట్‌కేసులు తప్ప ఏమీ లేవు. కూర్చోవడానికి ఏదైనా ఉండాలని వెనుక సీటు విప్పి వారికి కానుకగా ఇచ్చాను. పాల డబ్బాల పెట్టెల మీద నిలబెడితే అది సోఫా అయింది.

"సీట్ లేకపోతే టూ థౌజండ్ మైనస్. అది చిన్న ప్రాబ్లమ్," అన్నాడు మానవ్. "కానీ ఫ్యాక్టరీలో ఒక పేపర్ సీట్ స్ప్రింగ్స్‌లో పెట్టేవాళ్లు. కారులో ఏమేం బిగించారో దాంట్లో ఉంటుంది. ఆ పేపర్ ఎస్.ఎస్. అంటే సిక్స్టీ థౌజండ్. కాదంటే థర్టీఫైవ్. చాలామంది మామూలు కారుకి ఎస్.ఎస్. బ్యాడ్జ్ పెట్టి అమ్మేసారు కదా."

సరిగ్గా ఈ మాటే ఇరవై ఒక్క సంవత్సరాల క్రితం, ఒక గృహప్రవేశంలో, యాభై మంది ఎదుట హరనాథ్ నాతో అన్నాడు: "రావుగారు, మీ కార్ అసల్ ఎస్.ఎస్. కాదేమో." ఋజువు చూపమని అడిగి, ఆకులో వడ్డించిన గారెలను వదలి లేచి వచ్చేశాను. ఆనాటి నుండి మా ఇద్దరికీ మాటలు లేవు. మా భార్యలకు మాత్రం రోజూ గంటసేపు ఉన్నాయి.

కనుక నా మాట నిజమని నిరూపించే కాగితం, దానిని కాదన్న మనిషి సోఫాలో ఉన్నది. ఇచ్చిన కానుకను తిరిగి అడగడం మర్యాద కాదు. అడగకపోతే కారు పేరు ఎప్పటికీ అనుమానంలోనే ఉంటుంది. మూడు రోజులు ఆలోచించాను. నాలుగవ రోజు చాముండేశ్వరి, "నళినికి ఫోన్ చేశాను. నాలుగింటికి టీకి రమ్మంది. మానవ్‌ని కూడా," అన్నది.

హరనాథ్ తలుపు తీశాడు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"రండ్రి రావుగారు, లోపలికి రండ్రి. కూసోండ్రి."

ఆ సీటు టీవీ ఎదుట, నళినిగారి పాత వెంకటగిరి చీర కప్పుకొని ఉన్నది. కూర్చున్నాను. అత్యంత సుఖంగా ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

"నేను ఒక వస్తువును పరిశీలించే అనుమతి కోరి వచ్చాను," అన్నాను.

"కాగితమా?" అని హరనాథ్ మరొక మాట లేకుండా లోపలికి వెళ్లి, ఒక పత్రం తెచ్చి మానవ్ చేతిలో పెట్టాడు. అది లామినేట్ చేయబడి ఉన్నది.

"ఓ నో! మీరు కూడానా అంకుల్?" అని మానవ్ తల పట్టుకున్నాడు.

తరువాత చదవసాగాడు. పైనుండి కిందికి ఒకసారి, కిందినుండి పైకి ఒకసారి.

"అంకుల్... ఎస్.ఎస్. ఉండాల్సిన బాక్స్ ఖాళీగా ఉంది. ఇది మాలిబూ అనే మామూలు షెవెల్. బ్యాడ్జ్ తర్వాత ఎవరో పెట్టారు."

నేను ఆ కాగితాన్ని స్వయంగా చదివాను. గడి ఖాళీగానే ఉన్నది. హరనాథ్ వైపు తిరిగాను.

"నేను ఋజువు అడిగాను. మీ వద్ద ఉండి కూడా ఎందుకు చూపలేదు?"

"సీటు స్ప్రింగులల్ల దొరికిన కాగితాన్ని మర్నాడే లామినేట్ చేపిచ్చి మీ ఇంటిదాక అచ్చిన," అన్నాడు హరనాథ్ కిందికి చూస్తూ. "మీరు బయట కార్ తుడుస్తున్నరు, చంటిపిల్లకు నీళ్లు వోసినట్టు. చూసి ఎనక్కి మర్లిన. గట్ల తుడిచే మనిషికి ఇది ఎట్ల చూపెట్టాలె చెప్పుండ్రి?"

నళినిగారు టీ కప్పులు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఆ కాగితం మళ్లీ సీట్లోకి తోసేద్దాం అన్నయ్యగారూ. మానవ్ మన పిల్లాడే. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

తన విలువ పత్రం నింపుతున్న మానవ్ కలం ఆపి నా వైపు చూశాడు. అందరూ చూశారు. ముప్పై ఒక్క పెట్టెల మీద నా చేతితో వ్రాసిన తేదీలు నాకు గుర్తుకు వచ్చాయి. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

"ఉన్నది ఉన్నట్లు రాయి నాయనా," అని కాగితం అతనికి తిరిగి ఇచ్చాను.

"నాకు నళిని అప్పుడే చెప్పింది," అన్నది చాముండేశ్వరి, బిస్కట్టు అందుకుంటూ.

"ఇరవై ఒక్క ఏళ్ల క్రితమా? మరి నాతో ఎందుకు అనలేదు?"

"మీరు అడగలేదుగా."

హరనాథ్ గొంతు సవరించుకున్నాడు. "మా గ్యారేజ్‌ల ఒక జాగ ఖాళీగున్నది. కార్ నాకే అమ్ముండ్రి. ఆదివారం ఆదివారం అచ్చి మీరే నడుపుండ్రి. ముప్పై అయిదు వేలు ఇస్త."

"ముప్పై మూడు," అన్నాను. "వెనుక సీటు లేదు. రెండు వేలు తగ్గించవలసి ఉన్నది."

"సీటు నా ఇంట్లనే ఉండంగ లేనట్టు ఎట్లయితది? ముప్పై అయిదు!"

"ఆ సీటు మీకు కానుకగా ఇచ్చినది. దానిని మీకే అమ్మడానికి నేను సిద్ధంగా లేను. ముప్పై మూడు."

"గా కానుక మీద నలభై ఏండ్లు కూసున్న నేను! పైసా తగ్గియ్య!"

"పైసా పెంచను!"

నేను లేచి నిలబడ్డాను. ఆయన కూడా లేచాడు.

"ఏమండీ," అన్నది చాముండేశ్వరి, "పోయినసారి గారెలు వదిలేసి వచ్చారు. ఈసారి టీ కూడానా?"

నేను కూర్చున్నాను. హరనాథ్ నా పక్కనే, అదే సీటు మీద కూర్చున్నాడు. ముప్పై నాలుగు అని స్త్రీలిద్దరూ ఒకేసారి అన్నారు. అభ్యంతరం చెప్పే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

"సీట్ మళ్లీ కారులో పెడదామా?" అని మానవ్ ఆశగా అడిగాడు.

"పెడితే నా సీరియల్ ఎక్కడ కూర్చుని చూడను?" అన్నారు నళినిగారు.

మానవ్ తన పత్రంలో లోపించిన భాగాల వద్ద 'వెనుక సీటు' అని వ్రాసి, కారణం అడిగే గడి ముందు ఆగి నా వైపు చూశాడు.

"వాడుకలో ఉన్నది," అని చెప్పాను.