రోజుకో మాట

పద్నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ అడగని మాట ఆ సాయంత్రం బస్సు డ్రైవరు తన భార్యను అడిగాడు.

"ఇవాళ పని ఎక్కువైందా? అలిసిపోయినట్టున్నావ్."

చొక్కాకు కాజాలు కుడుతున్న ఆమె వేలికి సూది గుచ్చుకుంది. ఈయన మా ఆయనేనా అని తలెత్తి చూసింది.

ప్రయాణికుల మీద అరుస్తున్నాడని డిపోవాళ్లు అతన్ని ఒక లేడీ కౌన్సెలర్ దగ్గరికి పంపి నెలైంది. మర్నాడు ఉతకబోతూ అతని జేబు వెతికితే చిన్న నోటుబుక్కు దొరికింది. అందులో కోడిగీతల్లో రాసుకున్నాడు: "ఇంటికెళ్లగానే ఫోను పక్కన పెట్టాలి. రోజుకో మాట అడగాలి. చెప్పేది ఆపకుండా వినాలి." పక్కన టిక్కులు.

ఆమె కడుపు భగ్గుమంది.

"ఇన్నేళ్లు నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా చెవికెక్కలేదే! ఎవరో ఒకావిడ చెప్పేసరికి వేదవాక్కైపోయింది," అంది ఫోనులో అక్కతో.

"ఆవిడ ఎలా ఉంటుందే?"

"నేనెక్కడ చూశాను!"

ఆనాటి నుంచి అతనేమడిగినా "ఇదీ ఆవిడే అడగమందా?" అనేది. అతను నోరు మూసుకునేవాడు. వారం తిరిగేసరికి టిక్కులు తగ్గిపోయాయి. గెలిచాననుకుంది గానీ, ఆ గెలుపులో ఆమెకు ఏ సుఖమూ దొరకలేదు.

చివరికి ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది. ముప్పై దాటని అమ్మాయి, జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది. జేబు వంకరగా కుట్టిన చొక్కా వేసుకుంది.

"మా ఆయనకి ఏం మందు పెట్టావమ్మా?"

"ఆయన సంగతులు ఆయన్ని అడక్కుండా చెప్పలేనండి. మీ సంగతి చెప్పండి. ఆయన పలకరిస్తే మీరేమంటారు?"

ఆమె దాచకుండా చెప్పింది.

"పలకరించిన ప్రతిసారీ మీకు చురకే తగిలితే, మీరైతే మళ్లీ పలకరిస్తారా?"

"అయితే తప్పు నాదా?"

"కాదు. ఇన్నేళ్ల కోపం ఊరికే పోదు. అది పోయేదాకా ఆగక్కర్లేదండీ. మంట ఉండగానే ఒక్క మాటకు జవాబు చెప్పి చూడండి."

అంత సబబుగా మాట్లాడినందుకు ఆమెకు ఇంకా మండింది.

సాయంత్రం అతను బూట్లు విప్పుతుండగా అంది: "మీ కౌన్సెలర్ని చూసొచ్చాను. తిడదామని వెళ్లాను, కుదరలేదు."

అతని చెయ్యి బూటు మీదే ఆగిపోయింది.

"ఆవిడతో గంటసేపు ఏం మాట్లాడతారండీ?"

"నీ గురించే. నీతో మాట్లాడాలంటే భయమని చెప్పాను. ఏమన్నా తప్పవుతుందేమోనని."

"ఆ మాట ముందు నాకు కదా చెప్పాల్సింది!" అంది ఆమె.

"అవును. నీకే చెప్పాల్సింది," అన్నాడు.

బూట్లు పక్కన పెట్టి అతను మెల్లగా అడిగాడు.

"ఇవాళ ఎవరెవరొచ్చారు కుట్టించుకోడానికి?"

నాలుక చివరిదాకా వచ్చిన చురకను ఆమె మింగేసింది. ఒకే ప్యాంటును మూడుసార్లు విప్పించి కుట్టించిన లావుపాటి మాస్టారి గురించి చెప్పింది. అతని చూపు ఒకసారి ఫోను వైపు పోయింది, మళ్లీ తిరిగొచ్చింది.

"నాలుగోసారి కూడా వస్తాడంటావా?" అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు.

అతను కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే రోజున ఆమెకు ఇప్పటికీ కడుపు మండుతుంది. తిరిగి రాగానే అతను కుట్టుమిషను పక్కన కూర్చుని అక్కడి కబుర్లు చెబుతాడు. కొన్ని దాచుకుంటాడని ఆమెకు తెలుసు. కొన్నిసార్లు ఓర్చుకుంటుంది. కొన్నిసార్లు అడిగేస్తుంది.