చూపు కానుక

మూసిన తలుపు వెనక జూదం నడుస్తుంటే ఊల్కాన్‌కి ఇట్టే తెలిసిపోతుందని బిష్కెక్ ఆఫీసులో పేరుంది. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వమే. వెల్దా అనే మాయలోకంలో ఆమె తనిఖీ అధికారి. తలకి హెడ్‌సెట్ తగిలించుకుని జనం ఆ లోకంలోకి పోతారు. అక్కడ స్థలాలు తీసుకుని ఇళ్ళు కట్టుకుంటారు, అక్కడి నాణేలతోనే కొంటారు, అమ్ముతారు. మనుషులు పోయాక వాళ్ళ బుద్ధులు మాత్రం ఇంటి దగ్గర ఎందుకుంటాయి? జూదశాలలూ పోయాయి, బట్టల్లేని ఆటలూ పోయాయి. పిల్లలు తిరిగే వీధి పక్కనే అవి వెలిసేసరికి ప్రభుత్వాలు ఆ లోకాన్ని నడిపే సంస్థ మెడలు వంచాయి. ఇప్పుడు జూదం ఎక్కడా ఉండకూడదు. పెద్దలు మాత్రమే చూసేవన్నీ ఒక విడి దీవికి పోవాలి, వయసు రుజువు చూపించనిదే అక్కడ ఎవరినీ అడుగు పెట్టనివ్వరు.

రూలు వచ్చాక జనం తెలివి మీరారు. బయట పూల దుకాణం బోర్డు, లోపల తిరిగే చక్రం. బయట పశువుల ఆసుపత్రి, లోపల ఏముందో చెప్పడానికి ఊల్కాన్‌కి ఇప్పటికీ సిగ్గే. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదు. ఆమె తప్పని తేల్చిన స్థలాన్ని ఆ సాయంత్రమే తుడిచేస్తారు. తుడిచాక మళ్ళీ తేవడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు పొద్దున్నే పై అధికారి ఎర్మెక్ చేతిలో మాంసం కూరిన సంసాతో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. పైపొరలు రాలి చొక్కా మీద పడుతున్నాయి.

"చెల్లెమ్మా, ఇవాళ నీకు పండగే. ఒక కొండ, కొండకి పరదా. జనం ఒక్కొక్కరే వస్తారు, నాణెం ఇస్తారు, పరదా లేస్తుంది. లోపలేముందో బయటికి ఆవగింజంత కనపడదు. మీసాలున్న మగాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తున్నారట."

"కళ్ళెందుకు తుడుచుకుంటున్నారు?"

"డబ్బులు పోతే నవ్వుతారా? లోపల వలయం గీసి అందులోకి ఏవో విసురుతున్నారు, నాణెం చేతులు మారుతోంది, మన కాపలా యంత్రం పట్టేసింది. ఒకే పరదా వెనక రెండు వ్యాపారాలు. విదేశంలో మన పెద్దాఫీసు వాళ్ళు తుడిచెయ్యడానికి చీపురు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం లోపు నువ్వు అవునంటే చాలు."

"చూడకుండా అవునననుగా, బైకే," అంది ఊల్కాన్. వాళ్ళ భాషలో అన్నయ్య అనే పిలుపు అది.

"చూడు, చూడు. పెళ్ళి కావలసిన పిల్లవి, అన్నీ చూడకు."

ఊల్కాన్ అతని మాట పట్టించుకోకుండా హెడ్‌సెట్ తగిలించుకుంది. ఎవరూ గుర్తుపట్టకుండా మామూలు ఆడమనిషి వేషంలో వెళ్ళి కొండ ముందు నిలబడింది. పరదా మందంగా ఉంది, ఎర్ర బట్ట మీద పొట్టేలు కొమ్ముల కుట్టుపని. పక్కన బల్ల మీద తెల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలామె కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఖాళీ చేతుల్తోనే చూసేద్దామని వచ్చావా?" అంది ముసలామె.

"వెల ఎంత, అపా?" పెద్ద ఆడవాళ్ళని పిలిచినట్టే పిలిచి అడిగింది ఊల్కాన్.

ముసలామె ఆమెని ఎగాదిగా చూసింది. "వెలేంటి? నీ మనసుకి ఎంత తోస్తే అంత."

ఇలాంటి మాటలు ఊల్కాన్ చాలాచోట్ల విన్నదే. మనసుకి తోచినంత అనేవాళ్ళే చివరికి చొక్కా గుండీలు కూడా ఊడబీకుతారు. సాక్ష్యానికి పనికొస్తుందని ఒక నాణెం ఇచ్చింది. ముసలామె లేచి, రెండు చేతులతో పరదా పట్టుకుని, కొత్త కోడలి ముఖం చూపించేటప్పుడు ఎత్తినట్టు నెమ్మదిగా పైకెత్తింది.

ఊల్కాన్ ఒక అడుగు వేసి ఆగిపోయింది.

ముందు ఆమెకి కనపడింది వెలుగు. మంచుకొండల మీద నుంచి జారి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒక పెద్ద లోయ నిండా పరుచుకుని ఉంది. లోయ మధ్యలో నది. నదికి రెండు వైపులా పోప్లార్ చెట్ల వరసలు, గాలికి ఆకులు తిరగబడి తెల్లగా మెరుస్తున్నాయి. మట్టి ఇళ్ళు, ఇళ్ళ కప్పుల మీద ఆరబెట్టిన నేరేడు రంగు పళ్ళు, గోడలకి అంటించిన పిడకలు. ఒక ఇంటి ముందు కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పడుకుంది. ఎక్కడో కవ్వం చప్పుడు. దూరంగా పొలాలకి నీళ్ళు పారే కాలవలు, ప్రతి కాలవలోనూ ఆకాశం ముక్క ఒకటి. ఎంత దూరం చూసినా లోయ ఇంకా ఉంది. ఇన్నేళ్ళుగా ఈ మాయలోకంలో బంగారు కోటలూ ఎగిరే నగరాలూ ఎన్నో చూసి విసుగెత్తిన ఆమెకి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఇది ఎవరో ఊహించి కట్టింది కాదు. పిడక మీద వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. ఇంత ప్రేమగా ఎవరైనా ఊహించగలరా?

ఉద్యోగం గుర్తొచ్చి ముందుకి నడిచింది. నది ఒడ్డున చదునైన నేల మీద పెద్ద వలయం గీసి ఉంది, చుట్టూ పదిహేనుమంది దాకా మగవాళ్ళు. వలయం మధ్యలో గొర్రె కీలు ఎముకలు కుప్పగా ఉన్నాయి. ఒకతను మోకాలి మీద వంగి పెద్ద ఎముకతో గురి చూస్తున్నాడు.

"తొందరపడకు, గొర్రె మళ్ళీ పుట్టి పెరిగి ఈ ఎముకలు అడిగేదాకా చూస్తూ ఉండు," అన్నాడు ఒకడు.

"నీ నోరు మూస్తే గాలి తగ్గుద్ది, అప్పుడు కొడతా."

ఊల్కాన్‌కి నవ్వొచ్చింది. యంత్రం పట్టింది ఓర్డో ఆటని. ఎముకల మధ్య ఖాన్, అంటే రాజు, ఉంటాడు, ఖాన్‌ని వలయం దాటించినవాడు గెలిచినట్టు. ఊళ్ళో ఆడినా ఖాన్ స్థానంలో పెట్టేది ఒక నాణెమే. ఇక్కడ కూడా అలాగే పెట్టారు. కాకపోతే చేతికి దొరికింది వెల్దా నాణెం, అదే జూదశాలల్లో తిరిగే నాణెం. గెలిచినవాడు దాన్ని జేబులో వేసుకుని మరుసటి ఆటలో తిరిగి పెడుతున్నాడు. యంత్రానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ఆటకి సంజాయిషీ దొరికింది. పరదాకే దొరకలేదు. ఆమె వెనక్కి వచ్చి ముసలామె పక్కన బల్ల మీద కూర్చుంది.

"అపా, నేను తనిఖీకి వచ్చాను."

"తెలుసు. మనవాళ్ళెవరూ వెల ఎంత అని అడగరు. నువ్వడిగావు."

ఊల్కాన్‌కి చెంపలు వేడెక్కాయి. అప్పుడు గాని తట్టలేదు. కొరుమ్‌దుక్. కొత్త కోడలిని, పురిటి బిడ్డని, కొత్త ఇంటిని మొదటిసారి చూసినప్పుడు ఇచ్చే చూపు కానుక. తనే ఎన్నోసార్లు ఇచ్చింది. ఈ ఉద్యోగంలో పడి పరదా కనపడితే ముందు పాపమే తట్టే బుద్ధి వచ్చేసింది ఆమెకి.

ముసలామె పేరు ఉమ్సునాయ్. బడిలో బొమ్మలు వేయడం నేర్పేదట. కాలు విరిగి ఇంటిపట్టున పడ్డాక ఈ లోకంలో కట్టడం నేర్చుకుంది. ఒక్కతే కాదు, ఊరివాళ్ళు ఒకరొకరే వచ్చి మా కాలవ ఇటు తిరిగేది, మా గుర్రం అక్కడ నీళ్ళు తాగేది అని చెబుతుంటే ఏళ్ళ తరబడి కట్టుకుంటూ వచ్చింది.

"ఏ ఊరు, అపా ఇది?"

"ఒక ఊరేంటి, లోయంతా. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందకి పోయింది కదా, కెత్మెన్-తొబో. నువ్వు చూసి వచ్చిన నది ఒడ్డున ఉన్నది కోక్-తాల్."

ఊల్కాన్ పరదా వైపు తిరిగి చూసింది. వాళ్ళమ్మ జీపర్ పుట్టిన ఊరు కోక్-తాల్. ఎనిమిదేళ్ళ పిల్లగా లారీ మీద ఆ లోయ దాటి వచ్చింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. సరస్సు పక్కనుంచి బస్సు పోతుంటే అటువైపు తల తిప్పేది కాదు.

"సాయంత్రానికి దీన్ని తుడిచేస్తారు, అపా," అంది. "డబ్బిచ్చి పరదా వెనక చూడటం అంటే రూలుకి ఒకటే అర్థం. కానుక ఆపెయ్యండి. అందరినీ ఊరికే పోనివ్వండి."

"కుదరదు."

"మొత్తం పోతుందంటున్నాను కదా."

"ఒకసారి పోయిందిగా. ఊరికే చూస్తే దిష్టి తగలదూ? పిల్లని చూసినా ఇస్తాం, దూడని చూసినా ఇస్తాం. చచ్చి మళ్ళీ పుట్టిన ఊరిని ఖాళీ చేతుల్తో చూస్తారా? ఆ నాణేలు నేను తిన్నానా ఏంటి? అన్నీ ఆ నది రేవులోనే ఉన్నాయి, పోయి చూసుకో. నన్ను తుడిస్తే తుడవండి, మర్యాద మాత్రం తుడవనివ్వను."

ముసలామె గొంతు కొంచెం కూడా వణకలేదు. వణికింది ఊల్కాన్‌కే. నోటి నుంచి ఒక్క 'అవును' వస్తే చాలు, ఆ కుక్క, ఆ కవ్వం చప్పుడు, ఆకాశం ముక్కలున్న కాలవలు రెండోసారి మునిగిపోతాయి. ఈసారి వాటిని ముంచేది ఆ ఊరి మనవరాలు.

కాసేపటికి ఆమె అడిగింది. "కానుక నాణెమే కావాలా, అపా? మా అమ్మమ్మ అయితే తలగుడ్డ ఇచ్చేది. లేకపోతే గుప్పెడు చాక్లెట్లు."

"ఇక్కడ తలగుడ్డలు ఎక్కడివే? ఈ లోకంలో వచ్చినవాళ్ళు చేతికివ్వగలిగేది ఆ పాడు నాణెం ఒక్కటే, అందుకే అది."

"మాట ఇవ్వొచ్చా?"

"ఏం మాట?"

"ఈ లోయ గురించి వాళ్ళు విన్నది ఏదైనా. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది. అది మీకు ఇచ్చి చూస్తారు. మీరు దాన్ని లోపల కడతారు."

ఉమ్సునాయ్ పరదా అంచు చేత్తో సవరించింది. "కానుకంటే ఇచ్చేవాడికి విలువైనదై ఉండాలి," అంది చివరికి. "అది విలువైనదే. సరే. ముందు నువ్వియ్యి. నీ నాణెం నీకిచ్చేస్తా."

ఊల్కాన్ దగ్గర ఉన్నది ఒక్కటే. అమ్మ జ్వరంలో ఉన్నప్పుడు ఒకసారి అన్న మాట. "మా తాతయ్య ఇస్మాన్‌ది ఈ ఊరే. వాళ్ళ ఇంట్లో దూలానికి వానకోయిల గూడు ఉండేదట. పిల్లలింకా ఎగరలేదని, ఊరు వదిలి వచ్చేటప్పుడు తాతయ్య తలుపు మూయకుండా వచ్చేశాడట. అంతే, ఇంకేం తెలీదు."

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇస్మాన్ ఇల్లు," అంది. "చెరువు గట్టు కింద, చివరి ఇల్లు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి గురించి చెప్పడానికి ఒక్కరూ రాలేదు. ఉట్టి గోడలు కట్టి తలుపు మూసి పెట్టాను. తప్పు చేశానన్నమాట."

హెడ్‌సెట్ తీసేసరికి ఊల్కాన్ ముఖమంతా తడిసి ఉంది. ఎర్మెక్ బల్ల అంచు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏంటి, నీకూ డబ్బులు పోయాయా?"

"మీరూ ఒకసారి వెళ్ళండి, బైకే. ఖాళీ చేతుల్తో వెళ్ళకండి. ఆ లోయ గురించి ఏదైనా తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదని మర్యాదగా చెప్పండి."

ఎర్మెక్ వెళ్ళాడు. అంతసేపు అతను ఏ జోకూ వేయకుండా ఉండటం ఆఫీసులో ఎవరూ చూడలేదు. తిరిగొచ్చాక హెడ్‌సెట్‌ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. చొక్కా మీది సంసా పొరలు దులుపుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"జూదం లేదు, ఖాన్ స్థానంలో గుండీ పెట్టుకుంటామన్నారు. పరదా వెనక బట్టల్లేనివి లేవు, వెల లేదు. నువ్వు రాయి, కింద నా సంతకం పెడతాను," అన్నాడు. "పెద్దాఫీసు వాళ్ళు నమ్మకపోతే వాళ్ళనీ వచ్చి చూడమను. వాళ్ళ తాత ఎక్కడ పుట్టాడో చెప్పి మరీ చూడమను."

వాళ్ళు నిజంగానే వచ్చారు. ఏం చెప్పి చూశారో ఉమ్సునాయ్ ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి లోయ మీద యంత్రం పెట్టిన ఎర్ర గుర్తు తొలగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఊల్కాన్ హెడ్‌సెట్ తీసుకుని అమ్మ ఇంటికి వెళ్ళింది. జీపర్ పిండి ముక్కల బూర్సోక్‌లు వేయించడం అప్పుడే ముగించింది, ఇల్లంతా నూనె వాసన.

"ఈ డబ్బా తలకి పెట్టుకుంటే గుర్రానికి గంతలు కట్టినట్టే ఉంటుంది," అని గొణిగింది. కానీ కూతురి ముఖంలో ఏముందో గాని, ఎక్కువ బెట్టు చేయకుండా పెట్టుకుంది. గది మధ్యలో తివాచీ మీద నిలబడింది. ఊల్కాన్‌కి అమ్మ చూసేది కనపడదు, స్పీకర్లో మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"ఏమ్మా, ఖాళీ చేతుల్తోనే చూసేద్దామని వచ్చావా?"

జీపర్ కంగారుపడింది. కోటు జేబులో చెయ్యి పెట్టి చాక్లెట్ల కోసం వెతికింది. "అయ్యో, అపా, ఈ పిల్ల ఒక్క ముక్క చెప్పలేదు. నేనేం తేలేదు."

"ఎవరి బిడ్డవు నువ్వు?"

"నేనా? ఇస్మాన్ కూతుర్ని. కోక్-తాల్ ఇస్మాన్."

 ఊల్కాన్ స్పీకర్ దగ్గరికి జరిగింది. తర్వాత ఉమ్సునాయ్ గొంతు వినిపించింది, ఈసారి అది వణికింది.

"అయితే నువ్వేం ఇవ్వక్కర్లేదమ్మా. సొంత ఇల్లు చూసుకోవడానికి ఎవరూ కానుక ఇవ్వరు. తలుపు తీసే ఉంది. పిట్టలున్నాయి, చూసుకుని రా."

జీపర్ జేబులోంచి చెయ్యి తీసింది. చాలాసేపు కదలకుండా నిలబడింది.  తర్వాత తలగుడ్డ సర్దుకుంది, చిన్నపిల్లలా కొంచెం ముందుకి వంగింది.

ఆ గదిలో గడప లేదు. అయినా అమ్మ కుడికాలు పైకెత్తి, గడప తొక్కకుండా దాటి, లోపలికి వెళ్ళింది.