ఏనుగు లంకె

పాపాయమ్మ చింతపండు గుజ్జులో బూడిద కలిపి ఉయ్యాల గొలుసులు తోముతోంది. నాలుగూ ఇత్తడి గొలుసులే. ఒక లంకె చిలక, దాని కింద లంకె బిందె మోసే ఆడమనిషి, ఆ కిందది ఏనుగు. మండపేట దగ్గర దివాణంలో కోడలు లలితాంబగారి సీమంతానికి ఆ ఉయ్యాల వెళ్ళాలి. తోముతూ తోముతూ ఒక గొలుసును రాతి మీద తిరగేసింది. లంకెలన్నీ ఖంగుమన్నాయి. ఒక్క ఏనుగు మాత్రం పచ్చికుండలా బొదబొదమంది.

ఏనుగు కడుపు కింద గోటితో గీకి చూసింది. ఇత్తడి రజను రాలి లోపల ఎర్రగా లక్క కనిపించింది. పోతలో లోహం ఆ మూల దాకా పారలేదన్నమాట. ఆ బీటలో లక్క కూరి, పైన రజను అద్ది, మెరుగు పెట్టేశాడు ఆమె మొగుడు బుల్లియ్య.

రాజమండ్రి కంచర వీధిలో బుల్లియ్య పేరు తెలియని వాళ్ళు లేరు. ఆయన ఇంట్లో తయారైన దీపపు సెమ్మె వెలిగించాలా, ఊరికే చూస్తూ కూర్చోవాలా అని జనం మురిసిపోయేవారు. ఆ బొమ్మలన్నీ ముందు మైనంతో చేసేది పాపాయమ్మ. వంట చేసి, అంట్లు తోమి, అత్తగారి కాళ్ళు పిసికి, అప్పుడు వెనక వసారాలో మైనం ముద్ద పట్టుకు కూర్చునేది. రేవు నుంచి బిందెతో నీళ్ళు మోసుకొస్తుంటే తన నడుము ఎటు ఒరుగుతుందో బిందె మోసే బొమ్మ నడుమూ అటే ఒరిగింది. మైనం మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోయడం బుల్లియ్య పని. పేరూ ఆయనదే. "మైనం పిసకడం కూడా ఒక పనేనటే? చంటిపిల్లలు ఆడుకుంటారు దాంతో" అనేది అత్త సూరమ్మ. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఆడది చెయ్యి పెట్టిందని తెలిస్తే దివాణాల వాళ్ళు మన సరుకు గుమ్మం ఎక్కనివ్వరు. ఎక్కడా అనకు" అనేది. కిందటేడు ఒక పెద్దమనిషి చిలక ముక్కును మెచ్చుకుంటుంటే, "దానికి నేనే..." అని పాపాయమ్మ నోరు జారింది. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, బుల్లియ్య కొలిమిలోంచి పటకారు తీసి ఆమె ముంజేతికి ఆనించాడు. "మళ్ళీ నోరు లేస్తే గడప దాటేది నువ్వొక్కదానివే. పిల్ల నాకాడే ఉంటుంది" అన్నాడు. కాలిన చెయ్యి మానింది. పిల్ల మాట మాత్రం మానలేదు. ఆరేళ్ళ కూతురు చిన్నమ్మాయి కాసేపు కనిపించకపోతే ఆమెకు అరికాళ్ళు చల్లబడేవి.

అయినా గొలుసులు తోమిన ఆ పూటే భోజనం వడ్డిస్తూ మొగుడితో అంది. "ఆ ఏనుగు మళ్ళీ పోత పోద్దామండి. మైనం నేను సాయంత్రానికల్లా చేసిచ్చేస్తాను."

"ఏ ఏనుగు?"

"లక్క పెట్టారు కదండీ... కడుపుతో ఉన్న మనిషి కూర్చుంటుంది."

బుల్లియ్య ముద్ద కలపడం ఆపలేదు. "రేపే పడవ. మళ్ళీ పోతకి టైము లేదు. నేను కూర్చుని చూశాను, బరువు ఆగింది. నువ్వు చారు పొయ్యి."

ఆమె చారు పోసింది.

మర్నాడు కాలవ పొడుగునా ఆమె కళ్ళు పడవలో గొలుసులున్న గోనెసంచి మీదే ఉన్నాయి. గొలుసులు తుడిచి తగిలించడానికని బుల్లియ్య ఆమెను వెంట తీసుకొచ్చాడు. పిల్లను సూరమ్మ దగ్గరే ఉంచాడు. ఎందుకు ఉంచాడో ఆమెకు తెలుసు.

దివాణం నడిమింట్లో ఉయ్యాల వేలాడదీశారు. ముత్తయిదువలు పాటలు అందుకున్నారు. పట్టుచీర బరువుకే ఆయాసపడుతూ లలితాంబ వచ్చింది. పదహారేళ్ళుంటాయేమో. గొలుసు దగ్గర ఆగి, బిందె మోసే ఆడమనిషి భుజం వేలితో నిమిరింది. "అచ్చం నడిచొస్తున్నట్టుంది కదండీ అత్తయ్యగారూ" అంది.

పాపాయమ్మ నోరు తెరవబోయింది. వసారాలో నిలబడ్డ బుల్లియ్య ఆమెనే చూస్తున్నాడు. లలితాంబ అత్తగారు హైమవతమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, "కూర్చో తల్లీ" అంటోంది. చిన్నమ్మాయి ముఖం పాపాయమ్మ కళ్ళ ముందు మెదిలింది. అయినా గబగబా వెళ్ళి ఉయ్యాల బల్ల మీద తనే కూర్చుంది.

పాటలు ఆగిపోయాయి. "ఏయ్! ఎవర్తివే నువ్వు? లే!" అంది హైమవతమ్మ. పాపాయమ్మ కళ్ళు మూసుకుని కాలితో నేలను బలంగా తన్నింది. ఉయ్యాల ముందుకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఏనుగు ఫట్టున రెండయింది. బల్ల ఒక పక్కకు ఒరిగి ఆమెను రాతి నేల మీద విసిరేసింది. మోచెయ్యి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

బుల్లియ్య పరుగున వచ్చాడు. "దీనికి మతి సరిగ్గా ఉండదండి అమ్మగారూ. మొరటుగా ఊగి లంకె తెంపేసింది. చిత్తం, నేను బాగుచేసిస్తానండి."

హైమవతమ్మ విరిగిన ముక్క తీసి చూసింది. లోపలి ఎరుపును వేలితో గిల్లింది. పెళుసుగా రాలింది. "ఇదేంటి?" అంది.

లలితాంబ రెండు చేతులతో కడుపు పట్టుకుని గోడకు చేరబడిపోయింది. నేల మీద ఉన్న పాపాయమ్మను అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"నోటితో చెప్పొచ్చుగా?"

"భయమేసిందండి. బొమ్మలు నావి. లక్క ఆయనది."

ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. శుభకార్యంలో అపశకునమైందని ఒక ముసలమ్మ గొణిగింది. ఎవరో గుడ్డ చింపి చేతికి కట్టుకట్టారు. బుల్లియ్య దగ్గరికొచ్చి, ఆమెకు మాత్రమే వినబడేలా, "పడవెక్కు. ఇంటి దగ్గర చెప్తాను" అన్నాడు.

పాపాయమ్మ ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచింది. అతని పక్కగా దాటి వెళ్ళి హైమవతమ్మ ఎదురుగా నిలబడింది.

"అమ్మగారూ, చెయ్యి అతుక్కోగానే ఆ లంకె మళ్ళీ పోసిస్తానండి. మైనమే కాదండి, పోత కూడా నేనే పోస్తాను. మీ మనిషిని ఒకర్ని నాతో పంపండి, ముందు నా కూతుర్ని తెచ్చుకోవాలి" అంది. అంటున్నంతసేపూ ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.