కొత్త మేకుల పాత బోర్డు

మా బిల్డింగు సెక్రటరీ రెండో కారు కొన్నాడు. ఆయన కారు కొనుక్కుంటే నాకేం ఏడుపు లేదు. కానీ ఆ కారు నిలబెట్టడానికి మెట్ల కింద మా చెల్లెలు కూర్చునే బల్ల తీసేయాలట. అక్కడే నాకు ఒళ్లు మండింది.

చెల్లెలిది పై అంతస్తు. లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున ఎలాగో కిందికి దిగితే, మళ్లీ ఎక్కే ఓపిక వచ్చేదాకా ఆ బల్ల మీదే ఉంటుంది. నేను కింది వాటాలోనే ఉంటాను. మా ఇంట్లో కూర్చోవే అంటే వినదు. వచ్చేపోయేవాళ్లని పలకరించాలి, కూరగాయల బండివాడితో బేరం ఆడాలి, ఎవరి వంట మాడిందో అందరికంటే ముందు దానికే తెలియాలి. బల్ల పోతే అది కిందికి రాదు. పైన ఆ రెండు గదుల్లో గోడలు చూస్తూ ఉండిపోతుంది. ఆ సంగతి తల్చుకుంటేనే నాకు అన్నం సహించలేదు.

సెక్రటరీ గోడకి కాగితం అంటించాడు. మెట్ల కింది జాగా వాహనాలకు మాత్రమేననీ, ఇది మొదటినుంచీ ఉన్న నియమమనీ రాశాడు.

"మొదటినుంచీ అంటే ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"ఎప్పట్నుంచో ఉందమ్మా. మీకు తెలీదంతే."

ఆయన ఈ బిల్డింగులోకి రాకముందునుంచీ మేమిక్కడ ఉన్నాం. నాకు తెలియని నియమం ఆయనకెక్కడ దొరికింది? సరే, ఎప్పట్నుంచో ఉన్నట్టు కనబడితే చాలా? ఆ పని నాకు కాక ఇంకెవరికి వచ్చు?

నా సంపాదనే అది. ఇంటి వెనక వరండాలో చెక్క బోర్డులు చేసి, వాటిని ముసలివాటిని చేసి అమ్ముతాను. కాఫీ హోటళ్లవాళ్లు, కొత్త ఇళ్లవాళ్లు కొంటారు. సరుకేమీ ఖరీదైనది కాదు. ఫ్రిజ్‌లు అమ్మే షాపు వెనక పారేసే పెట్టెల చెక్క, గిన్నెలు తోమే స్టీలు పీచు, ఒక సీసా వెనిగరు, మిగిలిపోయిన టీ డికాక్షన్.

ఆ పట్టున ఒక మంచి పలక ఏరుకున్నాను. తాళాల గుత్తితో ఎడాపెడా బాదాను. బాదుతున్నంతసేపూ ఎవరి మొహం గుర్తొచ్చిందో చెప్పక్కర్లేదు. మేకు మొనతో అక్కడక్కడా పొడిచి పురుగు తిన్నట్టు చేశాను. చిక్కటి డికాక్షన్ పట్టించి ఆరనిచ్చాను. స్టీలు పీచు నానేసిన వెనిగరు దాని మీద పూస్తే, చూస్తుండగానే తెల్ల చెక్క బూడిదరంగుకి తిరిగింది. అంచుల మీద కొవ్వొత్తి రుద్ది, పైన నీలం రంగు వేశాను. ఆరాక గరుకు కాగితం పెడితే మైనం ఉన్నచోటల్లా రంగు ఊడి వచ్చింది. తెల్లరంగుతో అక్షరాలు రాసి, వాటినీ సగం అరగదీశాను. "ఈ బల్ల కూర్చునేవారిది. బండ్లు నిలపరాదు."

మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చెల్లెలు స్టూలు పట్టుకుంది, నేను బల్ల పైన గోడకి బోర్డు బిగించాను.

"దొరికిపోతామేమో అక్కా," అంది.

"నువ్వు నోరు మూసుకుంటే దొరకం."

సాయంత్రానికి బిల్డింగంతా ఆ బోర్డు ముందే ఉంది. రెండో అంతస్తు మాస్టారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "ఇది మేం వచ్చిననాడే ఉంది. మా పెద్దాడు దీని మీదే అక్షరాలు కూడబలుక్కున్నాడు," అన్నారు. ఆ పెద్దమనిషికి నేనేమీ చెప్పలేదు. ఆయనే చెప్పుకున్నారు. సెక్రటరీ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ వచ్చాడు. బోర్డుకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, నేల మీద రాలిన సున్నం వేలితో తీసి అందరికీ చూపించాడు.

"చెక్క చూస్తే తాతలనాటిది. మేకులు మాత్రం తళతళలాడుతున్నాయి. ఇదేం చిత్రం మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు. దొరికిపోయాం. ఇన్నేళ్లుగా బోర్డులు అమ్ముతున్నా, ఒక్కటీ నేనే గోడకి కొట్టలేదు. తాడు కట్టి ఇచ్చేస్తాను, మేకులు కొట్టుకోవడం కొన్నవాళ్ల పని. చెక్కని ముసలిదాన్ని చేసిన మనిషికి మేకు సంగతే తట్టలేదు.

చెల్లెలు గోడ పట్టుకుని లేవబోయింది. "పోనీలే అక్కా. నేను పైనే కూర్చుంటాను," అంది.

ఆ మాటతో నా భయం ఎటుపోయిందో తెలీదు.

"అవును, నేనే చేశాను. మొన్ననే చేశాను," అన్నాను. "మరి మీ కాగితం ఎప్పుడు రాశారు? కారు కొన్నాకే కదా? మీ నియమానికీ మేకులు కొత్తవే సెక్రటరీ గారూ. నాది దొంగ బోర్డయితే మీది దొంగ నియమం. రెండూ తీసేద్దాం, రండి."

ఎవరో నవ్వారు. సెక్రటరీ మొహం కందగడ్డయింది. "ముందు మీది తీయండి," అన్నాడు.

తీశాను. నేను ఓడిపోయాననే అనుకున్నారంతా. బోర్డు వెనక్కి తిప్పాను. వెనకవైపు నేను వయసు పూయలేదు, చెక్క తెల్లగా కొత్తగా ఉంది. ఇంట్లోంచి ఎర్రరంగు డబ్బా తెచ్చి అందరి ఎదుటా పెద్ద అక్షరాలు రాశాను. "ఈ బల్ల తీయనివ్వం." కింద ఆ రోజు తేదీ వేశాను. గరుకు కాగితం జోలికి పోలేదు. ఎప్పట్నుంచి అని ఎవరడిగినా ఇవాళ్టినుంచి అని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. మాస్టారు గోడ మీది కాగితం చింపి జేబులో కుక్కుకున్నారు. సుత్తి ఇలా ఇవ్వమని తనే బోర్డు కొట్టారు.

సెక్రటరీ విసవిసా వెళ్లి కారు తెచ్చాడు. బల్లకి జానెడు దూరంలో ఆపి హారను మోగించాడు. నేను చెల్లెలి వైపు చూశాను. అది భయస్తురాలు, చిన్నప్పట్నుంచీ ఎవరు గదమాయించినా లేచి దారి ఇచ్చే రకం. మళ్లీ హారను మోగింది. అది బల్ల మధ్యకి జరిగి, నొప్పికాళ్లు రెండూ కారు వైపే చాచుకుంది.

"అక్కా, ఆయన్ని ఇంజను ఆపుకోమను," అంది. "పొగ నా మొహాన కొడుతోంది."