ఇరవై మూడో వస్తువు

మా జట్టులో రూల్సు చదివే మనిషిని నేనే. మిగతా ఐదుగురూ ఆడతారు, నేను ఆడుతూనే అరుస్తాను. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పడం నా ఉద్యోగం. పక్క సీట్లో కూర్చుని ఎదుటివాడి తప్పు పట్టుకోవడం ఒంటికి పట్టేసింది.

మేం ఆడేది ఎయిర్‌సాఫ్ట్. తుపాకులు చూడటానికి అచ్చం నిజమైనవే, లోపలుండేవి మాత్రం బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుళ్ళు. తగిలితే చురుక్కుమంటుంది, అంతే. ఈ ఏడాది మొదటిసారి వేరే దేశం నుంచి పోటీకి పిలుపొచ్చింది. అయితే వాటిని విమానంలో తీసుకెళ్ళడానికి బోలెడు తతంగం ఉంది. పోటీవాళ్ళు పంపిన అనుమతి పత్రంలో మనిషికి ఒక్క తుపాకీ, పక్కన దాని నంబరు. దాన్ని ఖాళీ చేసి, గట్టి పెట్టెలో పెట్టి, తాళం వేసి, కౌంటర్లో ముందే చెప్పాలి. బ్యాటరీ చేతిసంచిలో ఉండాలి. పత్రంలో లేనిదేదీ కదలకూడదు. ఇదంతా మూడుసార్లు మీటింగు పెట్టి చెప్పాను. మా జట్టులో బేకరీ అతను, "అక్కా, ఇంకో చిన్న పిస్తోలు బట్టల మధ్య పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగితే అందరి ముందూ కడిగిపారేశాను. నీలాంటి వాళ్ళ వల్లే మన ఆటకి చెడ్డపేరు అని కూడా అన్నాను.

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. తెలిసే చేశాను.

నా దగ్గరా ఒక చిన్న పిస్తోలుంది. మొదటి పోటీలో గెలుచుకున్నది, అది నడుముకి లేకపోతే నాకు చెయ్యాడదు. దాని నంబరు ముందే రాసి ప్రత్యేకంగా అనుమతి అడగాల్సింది. మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి గడువు దాటింది. ఊరందరికీ రూల్సు చెప్పేదాన్ని, నేను మర్చిపోయానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ప్రయాణం రోజు పొద్దున్న మా అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ పెట్టెలో, ఉన్ని శాలువా మడతల్లో దాన్ని దూర్చేశాను. నా పెట్టె ఎలాగూ తెరుస్తారు. అరవై తొమ్మిదేళ్ళ పెద్దావిడ పెట్టె ఎవరు చూస్తారని నా తెలివి.

మా ఆయనకి విమానమంటే వణుకు. అందుకే ఆట చూడటానికి నాతో అత్తయ్య బయల్దేరింది. ఆవిడ ముప్పై ఒక్కేళ్ళు ఆపరేషన్ గదిలో నర్సుగా పనిచేసింది. కోతకి ముందు కత్తెరలెన్ని, గాజుగుడ్డలెన్ని, కుట్టేముందు మళ్ళీ అన్నీ బయటికొచ్చాయా లేదా, ఈ లెక్క ఆవిడది. ఆవిడ "సరిపోయింది" అనేదాకా ఎంత పెద్ద డాక్టరయినా ఒక్క కుట్టు వేయడానికి వీల్లేదు. ఒకాయన విసుక్కుంటే, "మీరు విసుక్కుంటూ ఉండండి, నేను లెక్కపెడతాను" అందట. ఇప్పటికీ ప్రయాణమంటే పెట్టె మూత లోపల జాబితా అంటిస్తుంది. ఈసారి ఇరవై రెండు వస్తువులు.

ఆవిడకున్న భయం ఒక్కటే. వాళ్ళక్క చివరి రోజుల్లో కన్నకూతుర్ని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆవేళ ఇంటికొచ్చి అత్తయ్య నా దగ్గర మాట తీసుకుంది. "నా మతి జారుతోందని అనిపిస్తే మొహమాటపడకు అమ్మాయ్. నా కొడుకు చెప్పలేడు, వాడిది మెత్తని మనసు. నువ్వు గయ్యాళివి, నువ్వు చెప్పగలవు" అంది. నవ్వుకుని మాటిచ్చాను.

విమానాశ్రయంలో మా తుపాకుల పెట్టెలన్నీ తెరిచి, నంబర్లు చూసి, చీటీలు అంటించి పంపేశారు. అంతా నేను చెప్పినట్టే జరిగిందని జట్టంతా నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు ఇంకా చెవుల్లో ఉండగానే మైకులో అత్తయ్య పేరు పిలిచారు.

చిన్న గది, ఇనప బల్ల. బల్ల మీద ఆవిడ పెట్టె. నెరిసిన మీసాల ఆఫీసరు మర్యాదగానే అడిగాడు.

"ఈ పెట్టె మీదేనా అమ్మా?"

"నాదే బాబూ."

"మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా పెట్టమని ఇచ్చారా?"

"నా పెట్టె ఇంకొకరు సర్దడమేంటి? మొత్తం ఇరవై రెండు. మూత లోపల రాసుంది, చూసుకోండి."

అతను ఒక్కొక్కటీ తీస్తుంటే ఆవిడ జాబితా మీద వేలు పెట్టి పైకి చదివింది. ఎన్నాళ్ళకో మళ్ళీ డ్యూటీ ఎక్కినంత హుషారు. "పందొమ్మిది, మందుల డబ్బా. ఇరవై, కళ్ళజోడు. ఇరవై ఒకటి, చెప్పులు. ఇరవై రెండు, శాలువా. అయిపోయింది."

అతను శాలువా విప్పాడు. నల్లటి పిస్తోలు బల్ల మీద ధన్‌మని పడింది.

ఆవిడ దాన్ని చూసింది. జాబితా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో అనుమానం ఉన్నా బాగుండేది. అందులో ఉన్నది భయం.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కనీసం అలా నిలబడి ఊరుకున్నా సగం పాపమే అయ్యేది. ఊరుకోలేదు. "సామానంతా ఒకే గదిలో సర్దుకున్నాం సార్. పెద్దావిడ కదా, పొరపాటున కలిసిపోయి ఉంటుంది. అది ఆటకి వాడేదే" అన్నాను. నా గొంతు అంత తియ్యగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. "నేనే పెట్టి ఉంటాను" అంది మెల్లగా. "గుర్తు లేదు."

ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎవరికో ఫోన్ చేశాడు, చివరికి జాలిపడ్డాడు. పిస్తోలు మాత్రం వాళ్ళే ఉంచుకుంటారట. కాగితం రాసి చదివి వినిపించాడు. "ప్రయాణికురాలు వయసు మళ్ళినవారు. మతిమరుపు వల్ల వస్తువును పెట్టెలో ఉంచినట్టు ఒప్పుకున్నారు." ఆవిడ దాని కింద సంతకం పెట్టింది. నేను గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

బయటికొచ్చాక జట్టంతా ఆవిడ చుట్టూ మూగింది. "పర్లేదు పెద్దమ్మా, ఈ వయసులో మామూలే" అన్నాడు బేకరీ అతను. ఆవిడ మంచినీళ్ళకి లేవబోతే, "మీరు కూర్చోండి, దారి తప్పుతారు" అని ఇంకొకరు పరిగెత్తారు. అప్పటిదాకా వాళ్ళ బూట్ల లేసులు సరిగ్గా కట్టుకోమని గదమాయించిన మనిషి, చెప్పినట్టు కూర్చుండిపోయింది. కాసేపటికి చేతిసంచి తెరిచి లెక్కపెట్టింది. పాస్‌పోర్టు, మాత్రలు, రుమాలు, ఫోను, తాళంచెవి. ఐదు. మూసింది. మళ్ళీ తెరిచింది. నాలుగోసారి తెరిచేసరికి నేను చూడలేకపోయాను.

"మా అక్కకీ ఇలాగే మొదలైంది. ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టింది" అంది. "నాకు మాటిచ్చావు కదా అమ్మాయ్, నిజం చెప్పు. ఇంతకుముందు కూడా ఇలాంటివి చేశానా? మీరంతా దాస్తున్నారా?"

లేదు అని ఒక్క ముక్క అంటే చాలు. నమ్మేది కూడా. ఆవిడ చెయ్యి మళ్ళీ సంచి జిప్పు మీదికి వెళ్ళింది. ఎంత పెద్ద డాక్టర్లనయినా ఆపిన చెయ్యి.

"అది నేను పెట్టాను అత్తయ్యా."

ఆవిడ తలెత్తింది. "ఎప్పుడు?"

"మీరు స్నానానికి వెళ్ళినప్పుడు."

"అంటే నేను లెక్కపెట్టి మూత వేశాక?"

"వేశాకే."

"అయితే ఇరవై రెండే."

"ఇరవై రెండే."

రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా నవ్వింది. "ఓరి నాయనో, నా బుర్ర బానే ఉంది! చంపేశావు కదే!" తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. నా మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా ఆవిడకి లేదు, అంత సంతోషంలో ఉంది. ఆ సంతోషం చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని లేచింది. "పద. ఆ కాగితం మార్పించాలి."

సిగ్గు లేకుండా అప్పుడు కూడా బేరమాడాను. "తిరిగొచ్చాక చెబుతాను అత్తయ్యా. ఇప్పుడు చెబితే నన్ను విమానం ఎక్కనివ్వరు."

"కడుపులో కత్తెర ఉండిపోయిందని తెలిశాక, ముందు కుట్టేద్దాం, రేపు చూద్దాం అంటామా?"

బేకరీ అతన్ని పిలిచి సంగతి చెప్పాను, అనుమతి పత్రాల ఫైలు చేతిలో పెట్టాను. ఐదుగురితోనైనా ఆడొచ్చని రూల్సులో ఉంది. నేను వాణ్ణి కడిగిన కడుగుడంతా తిరిగి కడగొచ్చు, వాడికా హక్కుంది. "సరే అక్కా" అన్నాడు, అంతే. నా మొహం మాత్రం చూడలేదు.

ఆఫీసరు ముందు మళ్ళీ అవే ప్రశ్నలు, ఈసారి నాకు. మీరే పెట్టారా? నేనే. ఆవిడకి తెలుసా? తెలియదు.

"మరి ఇందాక ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది సార్."

"ఆవిడ సంతకం పెడుతుంటే వేయలేదా?"

కొత్త కాగితం రాశారు, పాత దాన్ని అడ్డంగా కొట్టేశారు. ఈ రోజుకి నా ప్రయాణం రద్దు, నా తుపాకీ పెట్టె విమానంలోంచి దింపేస్తారు. పై విచారణకి పిలిచినప్పుడు రావాలన్నారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి వరుస కిందా వేలు జరుపుతూ కొత్త కాగితం రెండుసార్లు చదివింది.

బయట మా విమానానికి పిలుపు మొదలైంది. "మీరూ ఆగిపోతారా?" అని అడిగాను. నాకోసం ఆగుతుందనే అనుకున్నాను కాబోలు.

"నేనెందుకు ఆగాలి? నేనేం చేశాను?" అంది. గొంతులో కోపం లేదు. "ఇంటికెళ్ళి మీ ఆయనకి నువ్వే చెప్పు. నా సంచి ఇలా ఇవ్వు."

ఆఫీసరు గదికి బయల్దేరినప్పటి నుంచీ ఆవిడ చేతిసంచి నేనే మోస్తున్నాను. ఇచ్చాను. గేటు ముందు జట్టంతా ఎదురుచూస్తోంది. అయినా ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. పాస్‌పోర్టు తీసి చూసింది. మాత్రలు, రుమాలు, ఫోను, తాళంచెవి. తర్వాత సంచి అడుగున చెయ్యి పెట్టి, మూలమూలలా తడిమింది. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

"సరిపోయింది" అంది. జిప్పు వేసుకుని గేటు వైపు నడిచింది.